చీటీ మారిన దారి

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. నా ఆడపడుచు కౌన్సిలర్ కూడా అవడంతో మొగుడు, అర్ధమొగుడు, ఆ పైన పావు ప్రభుత్వం నా నెత్తిన కూర్చున్నట్టయింది. ఓట్లప్పుడు ఆమె వెంట ఇల్లిల్లూ తిరిగి గొంతు పోగొట్టుకున్నది నేనే. అందుకే వంతెన మీద ఆ నోటీసు అంటించిన రోజు ఇంకెవరి దగ్గరికీ పోలేదు. ఆసుపత్రి లాండ్రీలో షిఫ్టు దిగి తిన్నగా వాళ్లింటికే వెళ్లాను.

వంతెన మీద లారీలు సైకిళ్లను గుద్దుతున్నాయని నోటీసులో రాశారు. సైకిళ్లకు విడిగా, కమ్మీ కట్టి దారి వేయాలట. ఈ బడ్జెట్‌లో దానికి డబ్బు కేటాయించకపోతే ఇక వంతెన మీద సైకిళ్లే నిషేధమట. వినడానికి మా మంచికే అన్నట్టుంది. కానీ ఆసుపత్రి ఉన్నది నదికి అవతల. మా షిఫ్టు తెల్లవారుజామునే మొదలవుతుంది, ఆ వేళకు బస్సుండదు. పాత వంతెన మీదుగా చుట్టి పోతే షిఫ్టు సగం రోడ్డు మీదే గడిచిపోతుంది. ఆలస్యంగా వచ్చేవాళ్లను తీసేసి పనిని కాంట్రాక్టుకు ఇవ్వడానికి మా సూపర్‌వైజర్ ఎప్పటినుంచో సాకు వెతుకుతున్నాడు. నడుం పట్టేసి మా ఆయన ఇంట్లో కూర్చున్నప్పటినుంచి మా సంసారం నడుస్తున్నది నా సైకిల్ మీదే. వంతెన మూసేస్తే నా ఉద్యోగం పోతుంది, అంతే.

ఆడపడుచు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. కళ్లు తుడుచుకుంటూనే, "డబ్బుల్లేవు వదినా," అంది.

"రోడ్లకి బోలెడు డబ్బు వచ్చిందని నువ్వేగా చెప్పావు."

"అది రోడ్లకి. సైకిల్ దారి రోడ్ల కింద రాదు, విహారం పద్దు కింద వస్తుంది. పార్కులు, పడవ షికారు, అన్నీ అందులోనే. ఆ డబ్బంతా కొత్త ఫౌంటెన్‌కి అయిపోయింది."

"విహారమా?"

"ఎప్పుడో పార్కులో పిల్లలు తొక్కుకోడానికి సైకిల్ బాట వేశారు కదా, అప్పటినుంచి సైకిల్ అన్న మాట ఎక్కడున్నా అందులోనే పడేస్తున్నారు. ఆ పేరు నేను పెట్టలేదు, నా మీద పడకు."

నాకు ఒళ్లు మండిపోయింది. రక్తం మరకల దుప్పట్లు ఉతకడానికి వానలో తడుస్తూ పోతుంటే అది విహారమట. ఇంక చలికాలంలో చేతులు కొంకర్లు పోతుంటే దాన్నేమంటారో. "మీటింగులో లేచి ఆ మాటే అడుగు," అన్నాను. ఆమె నీళ్లు నమిలింది. చైర్మన్‌గారికి ఎదురు చెప్తే వాళ్ల వీధికి రావలసిన తారురోడ్డు ఆగిపోతుందని భయం. ఓట్లప్పుడు వాళ్ల వీధికి ఆమె ఇచ్చిన మాట ఆ ఒక్క రోడ్డే. అబద్ధమెందుకు, ఆ వీధిలో గుంటలకు కూడా ఇంటి నంబర్లు వేయొచ్చు.

"ఎన్నాళ్లిలా గోడ మీద పిల్లిలా కూర్చుంటావు?"

"దూకితే కాలు విరిగేది నాదే కదా వదినా," అంది. టీ పెట్టి ఇచ్చింది. కోపంతో తాగకుండా వచ్చేశాను. వీధి మలుపు తిరిగాక, తాగే రావలసిందనిపించింది.

మరునాడు లాండ్రీలో నా పక్కన పనిచేసే ఆవిడ మూటలు సర్దుతోంది. ఆవిడను మేమంతా రేడియో అంటాం. పొద్దున్న మొదలుపెడితే షిఫ్టు దిగేదాకా ఆగదు. మా దగ్గర ప్రతి మూటకూ ఒక చీటీ కడతారు, ఏది ఎక్కడికి పోవాలో దాని మీద ఉంటుంది. ఆ రోజు ఆపరేషన్ గౌన్ల మూటకు ఎవరో వంటశాల చీటీ కట్టారు. చీటీని నమ్మి పంపితే వంటవాడికి గౌను పోతుంది, డాక్టరుకు ఏమీ మిగలదు. రేడియో ఆ చీటీ తెంపేసి కొత్తది కట్టింది, తన తోడికోడలి గొడవ చెప్పడం మాత్రం ఆపలేదు.

నేను చేతిలో దుప్పటితో అలాగే నిలబడిపోయాను.

"ఏంటి, దెయ్యం పట్టిందా?" అంది రేడియో.

"పట్టింది. బడ్జెట్ మీటింగుకి అందరం పోతున్నాం," అన్నాను.

మున్సిపల్ ఆఫీసు కూడా అవతలి ఒడ్డునే ఉంది. మధ్యాహ్నం షిఫ్టు దిగి, నీలం యూనిఫారాలు మార్చకుండానే వెళ్లాం. లోపల పొడుగాటి బల్ల, దాని చుట్టూ కౌన్సిలర్లు, గోడవార మాలాంటివాళ్లకు బెంచీలు. మా ఆడపడుచు నన్ను చూసి గబుక్కున కాగితాల్లో తల దూర్చింది.

నా వంతు వచ్చింది. నేను చెప్పినదంతా చైర్మన్‌గారు ఓపిగ్గానే విన్నారు. "అమ్మా, మీ బాధ నాకు తెలుసు. కాలవలు, మంచినీళ్లు, ఇన్ని అవసరాలుండగా విహారానికి ఇంతకన్నా ఇవ్వలేం," అన్నారు.

కోపం వస్తే, బట్టీ పట్టిన మాటలు నాకు ఒక్కటీ గుర్తుండవు. "అయ్యా, వంతెన మీద సరదాకి సైకిల్ తొక్కేవాళ్లెవరైనా ఈ హాల్లో ఉంటే చెయ్యెత్తమనండి," అన్నాను.

ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఇప్పుడు పనికి పోడానికి తొక్కేవాళ్లని ఎత్తమనండి."

మావాళ్లందరి చేతులూ లేచాయి. చైర్మన్‌గారు నవ్వి, "మీరంతా కలిసే వచ్చారు కదమ్మా," అన్నారు. అంతలో తలుపు దగ్గర టీ ట్రేతో నిలబడ్డ బంట్రోతు ట్రేని ఒక చేతిలోకి మార్చుకుని రెండో చెయ్యెత్తాడు. మైకులు చూసే ఆయన ఎత్తాడు. చివరికి చైర్మన్‌గారి పక్కనే కూర్చుని మీటింగంతా రాసుకుంటున్న గుమాస్తా అమ్మాయి కలం కింద పెట్టి చెయ్యెత్తింది. రాసేవాళ్లు లేక మీటింగు ఆగిపోయింది.

"చూశారుగా. దీనికి చీటీ తప్పు పడిందండీ," అన్నాను. "మా దగ్గర గౌన్లకి వంటశాల చీటీ పడితే గౌన్లు పారెయ్యం, చీటీ మారుస్తాం. ఇది విహారం కాదు, దారి. రోడ్ల పద్దులో పెట్టండి."

లెక్కల ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సభ్యుల్లో ఎవరైనా ప్రతిపాదిస్తే పద్దు మార్చొచ్చు," అన్నాడు. "కానీ రోడ్ల డబ్బంతా పనులకి ఇచ్చేశాం. టెండరు పిలవని పని ఒక్కటే మిగిలింది." ఆ పని ఏ వీధిదో చదివాడు.

అది మా ఆడపడుచు వీధి.

నేను బెంచీ మీద కూలబడ్డాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నిజమే. కానీ అమ్మ నోటి దగ్గరి ముద్దే అడుగుతున్నానని నాకు తెలియదు. వద్దులే అని సైగ చేద్దామనుకున్నాను. చెయ్యి లేవలేదు. నా పొయ్యి గుర్తొచ్చింది మరి.

ఆమె నావైపు చూసి, మెల్లగా లేచి నిలబడింది. "నేను ప్రతిపాదిస్తున్నాను. మా వీధి రోడ్డు వచ్చే ఏడు వేసుకుంటాం. ఈ ఏడు ఆ డబ్బు వంతెన మీద దారికి పెట్టండి."

"ఆలోచించుకోండి," అన్నారు చైర్మన్‌గారు. "మీ వీధివాళ్లకి ఏం చెప్తారు?"

"గుంటలో పడితే లేవొచ్చని చెప్తానండి. లారీ కింద పడితే లేవలేం."

ముందు ఆ మూల నుంచి ముసలి కౌన్సిలర్ ఒకాయన చెయ్యెత్తాడు. ఆయన పక్కావిడ ఎత్తింది. తర్వాత బల్ల చుట్టూ ఒక్కొక్కటే లేచాయి. ఏ ఎండకా గొడుగు పట్టే చైర్మన్‌గారు చుట్టూ ఓసారి చూసి, చేతిలో కలంతో సహా తన చెయ్యీ ఎత్తారు. తీర్మానం నెగ్గింది. పుట్టి బుద్ధెరిగాక రేడియోకు మాట పడిపోవడం అదే మొదటిసారి. గేటు దగ్గరికి రాగానే అందరం సైకిల్ బెల్లులు పట్టుకుని వాయించాం. వాచ్‌మన్ వద్దనకుండా తన సైకిల్ బెల్లు కూడా వాయించాడు.

దారి తయారైంది. ప్రారంభం రోజు చైర్మన్‌గారు ఎండెక్కాక వచ్చి రిబ్బను కత్తిరిస్తారన్నారు. మా దుప్పట్లు అంతదాకా ఆగవుగా. తెల్లవారుతుండగా రేడియో రిబ్బను పైకెత్తి పట్టుకుంది, అందరం తలలు వంచి కిందనుంచి దూరాం. కమ్మీకి అవతల లారీలు పోతున్నాయి, ఇవతల మేం పోతున్నాం. ఇన్నేళ్లలో ఆ వంతెన మీద నేను మొదటిసారి తలెత్తి నదిని చూశాను. నిజం చెప్తున్నాను, ఏడ్చేశాను.

వెనకనుంచి బ్రేకులు కీచుమన్నాయి. చూస్తే మా ఆయన పాత సైకిల్, దాని మీద మా ఆడపడుచు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఆయాసపడుతూ తొక్కుతోంది.

"ఇదేంటి?" అన్నాను.

"మా వీధి గుంటల్లోకి టాక్సీవాళ్లు రామంటున్నారు. అన్నయ్యనడిగి తెచ్చుకున్నా."

"అయితే కౌన్సిలర్‌గారు పొద్దున్నే విహారానికి బయల్దేరారన్నమాట."

"ఫౌంటెన్ పైపు పగిలిందని ఫోనొచ్చింది," అంది. ఊపిరి తీసుకుని నావైపు చూసి నవ్వింది. "విహారానికి కాదు వదినా, పనికే."

నేను కాస్త పక్కకు జరిగాను. దారి ఇద్దరికీ సరిపోయింది.