దుర్గమ్మత్త లెక్కలు

నేను ఒక తాటాకు విసనకర్రను. ఇప్పుడు రేపల్లెలో ఒక నాటక సమాజంవాళ్ళ సామాన్ల పెట్టెలో, పెట్టుడు గడ్డాలకూ కిరీటాలకూ మధ్య నలుగుతున్నాను. నన్ను అల్లిన ముసలాయన అంచుకు ఎర్రగుడ్డ కుట్టి తిరునాళ్ళలో అమ్మేశాడు. కొన్నవాళ్ళు ఉక్కపోసినప్పుడు నన్ను నెత్తిన పెట్టుకున్నారు, నాలుగు చినుకులు పడగానే మంచం కింద పడేశారు. మనుషులంతే. ఇంట్లోకి ఫ్యాను వచ్చాక నాటకాలవాళ్ళకు ఇచ్చేశారు. అలా నాంచారమ్మ చేతికి వచ్చాను.

నాంచారమ్మ ఏళ్ళ తరబడి దాసి వేషాలే వేసింది. ఇన్నాళ్ళకు పెద్ద వేషం దొరికింది, దుర్గమ్మత్త. భర్త పోయి అన్నగారింట చేరిన మనిషి. అన్నం తింటున్న పెద్ద మేనల్లుడికి నాతో విసురుతూ చిన్నవాడి మాటలు చేరవేస్తుంది, చిన్నవాడికి విసురుతూ పెద్దవాడివి. రెండువైపులా కాస్త ఉప్పూకారం దట్టిస్తుంది. చివరికి అన్నదమ్ములు చెరో దారి పడతారు, ఇంటి తాళాలు ఆవిడ చేతిలో పడతాయి. అప్పుడు పగలబడి నవ్వాలి. తెర.

ఆ నవ్వే నాంచారమ్మకు రాలేదు. నాటక పరిషత్తు పోటీలు దగ్గరపడ్డాయి. నాటకం ఆడించే పిచ్చేశ్వరరావు మాస్టారు, ఇలాగైతే పోటీల తర్వాత ఆ వేషానికి గుంటూరు నుంచి వేరే ఆవిణ్ణి పిలిపిస్తానన్నారు.

నాకేమో కుతూహలం. ఎత్తు వేసేముందు నన్ను నెమ్మదిగా ఊపాలని, మాట నాటుకోగానే జోరుగా విసరాలని నాంచారమ్మ తనకు తానే కనిపెట్టింది. దుర్గమ్మత్త ఎప్పుడు ఏం ఆలోచిస్తోందో నాకు తెలిసిపోయేది. ఎందుకో మాత్రం అంతుపట్టేది కాదు.

ఒకనాడు రిహార్సల్లో నాంచారమ్మే అడిగింది. "మాస్టారూ, ఈవిడకింత అవసరం ఏవొచ్చిందండీ?"

"అవసరవేంటమ్మా, స్వార్థం. ఆవిడ లెక్కల మనిషి."

"లెక్కల మనిషేనండి, కాదన్లేదు. ఆ ఇంట్లో ఆవిణ్ణి లెక్కచేసినోళ్ళెవరండీ? తగువున్నన్నాళ్ళే గదండీ, అత్తా అని పిలిచేది?"

మాస్టారు వాచీ చూసుకున్నారు. "నువ్వు నవ్వమ్మా, చాలు."

నేను మాత్రం ఉలిక్కిపడ్డాను. తనను ఎవరూ లెక్కచేయని చోట మనిషి లెక్కలు వేయడం మొదలుపెడుతుందన్నమాట. అంతమాత్రాన ఆవిడ చేసింది మంచిపని అయిపోదు. ఇల్లు కూల్చింది నిజమే. అయినా నాకు జాలేసింది.

పోటీ రోజు వచ్చింది. ఆఖరి రంగంలో తాళాలు చేతిలో పడ్డాయి. నాంచారమ్మ నవ్వలేదు. మేనల్లుళ్ళు కూర్చునే పీటలకేసి చూసింది. రెండూ ఖాళీ. అలవాటుకొద్దీ ఖాళీ పీటకు నాతో విసరడం మొదలుపెట్టి, చటుక్కున ఆగిపోయింది. పక్కతెర చాటున మాస్టారు పళ్ళు నూరుతున్నారు. అంతలో హాల్లో ఆడవాళ్ళ వరసలోంచి ఒక గొంతు వినపడింది.

"అందరికీ ఇసిరింది గానీ, ఆ తల్లి ఎప్పుడన్నా తిన్నదంటావా?"

తెర పడింది. మాస్టారు మేకప్ గదిలోకి వచ్చారు. వేషం పోయినట్టేననుకుని నాంచారమ్మ నన్ను గుండెలకు అదుముకుంది.

"గుంటూరావిణ్ణి రావద్దంటాలే," అన్నారాయన. గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "నాంచారమ్మా, పొద్దుట్నించీ ఏవన్నా తిన్నావా?"

ఇన్నేళ్ళలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. "లేదండీ," అంటూ నాంచారమ్మ నాతో తనకు తానే విసురుకుంది.