పొద్దు గీసిన గీతలు

నేను ఒక పాలపొడి డబ్బాను. ఫ్యాక్టరీలో రేకు చుట్టి, అంచులు నొక్కి, నా ఒంటి మీద నవ్వే పాప బొమ్మ అచ్చేశారు. పొడి అయిపోయాక ఆదోనిలో ఖాశింబీ వంటింట్లో మెంతులు మోస్తూ బతికాను. దాచుకోవడమంటే మనుషులకు ఎంత ఇష్టమో అక్కడే తెలిసింది.

ఖాశింబీ బడిలో ఆటల టీచరు. బుగ్గల మీద ఎర్రటి దద్దుర్లు లేచి, కీళ్లు వాచినప్పుడు డాక్టరు ఎండకు ముదిరే లూపస్ జబ్బన్నాడు. ఎండ తగలకూడదన్నాడు. ఆయన ఒకటి చెబితే భర్త దస్తగిరి పది విన్నాడు. కిటికీలకు నల్లగుడ్డ కొట్టాడు. బడి మాన్పించాడు. తన కొట్టుకు పోతూ బయట గొళ్లెం పెట్టసాగాడు. అంతా ప్రేమతోనే.

పగలు బాగా పొడుగయ్యే జూన్ నెలలో ఆమె నన్ను కడిగి, సూదితో చిన్న బొక్క పొడిచి, లోపల ఫోటో కాగితం చుట్టి, మూతకు నల్లటేపు వేసింది.

"మిద్దె మీద తూర్పుకు కట్టిరా. రోజూ పొద్దు యాడ లేస్తాదో, ఎట్ల పైకి పోతాదో ఇందులో గీత పడతాది."

"ఎన్నాళ్లుండాల?"

"పగలు బాగా పొట్టిదయ్యే దాకా. ఆరు నెల్లు. నాకంటే తొందరగానే బయటపడతాదిలే."

దస్తగిరి మిద్దెక్కి కట్టాడు.

కదలలేను, ఉన్న ఒక్క కన్నూ మూయలేను. పొద్దున్నే సూర్యుడు ఆ బొక్కలోంచి దూరి, కాగితం మీద సన్నగా కాల్చి వెళ్లేవాడు. మర్నాడు ఆ గీత పక్కనే ఇంకోటి. కింద గదిలో ఆమె నడక వినిపించేది, ఈ గోడ నుంచి ఆ గోడకు. వానలు వెళ్లేసరికి ఆ నడక కూడా ఆగిపోయింది.

డిసెంబరులో దింపారు. ఎర్రబల్బు వెలుగులో ఆమె కాగితం విప్పింది. ఇళ్ల కప్పుల మీంచి ఏటవాలుగా లేచిన గీతలు, నేసినట్టు ఒత్తుగా. మబ్బు పట్టిన రోజులు మాత్రం ఖాళీ. ఆమె చాలాసేపు చూసింది.

"వెలుతురు తగిలితే నల్లబడతాదంటివి కదా, మళ్లా డబ్బాలోనే పెట్టు. భద్రంగా ఉంటాది," అన్నాడు దస్తగిరి.

"ఉంటాది. ఎవరు చూసేది?"



ఆమె దాన్ని ముందుగది గోడకు అంటించింది. "నేను లోపల గదిలో ఉంటా. ఈడ గుడ్డ తీసెయ్," అంది. తీశాడు. రోజురోజుకూ కాగితం కమిలింది. చీకటి పడ్డాక ఆమె వచ్చి, మిగిలిన గీతలను చూసి వెళ్లేది. ఒక సాయంత్రానికి ఏమీ మిగల్లేదు. ఆ నల్లకాగితం ముందు ఆమెకంటే దస్తగిరే ఎక్కువసేపు నిలబడ్డాడు.

"పొద్దు మునిగింది," అన్నాడు చివరికి. "బడి పిల్లోళ్లు ఇంకా గ్రౌండ్‌లోనే ఉంటారు. పోదామా?"

ఆమె చెప్పుల కోసం వెతుక్కుంది.

ఎండ ఇంకా ఆమెకు పడదు. పగలంతా లోపలే ఉంటుంది. నేను మెట్ల కింద పాత సామాన్ల మధ్య ఉన్నాను. సాయంత్రాలు ఈ ఇంట్లో ఎవరూ ఉండరు.