రొయ్యల వేపుడు నాడు నా కాపలా

నేను ఒక గ్రాహకాన్ని, అంటే రిసెప్టర్‌ని. కంటికి కనిపించను లెండి, వెతక్కండి. నిర్మల్ ఊరి కుర్రాడు ప్రణీత్ గొంతులో, మాస్ట్ కణం అనే కాపలా కణం గోడకు గొళ్ళెంలా ఉంటాను. ఆ కణంలోనే తయారై పైకి వచ్చాను. యాంటీబాడీలు వచ్చి తగులుకుంటే పట్టుకుని కూర్చోవడమే నా ఉద్యోగం. అవి ఎవరిని శత్రువంటే నాకూ వాడే శత్రువు. ఎందుకని అడిగే అలవాటు నాకు లేదు.

ప్రణీత్ చిన్నప్పటి నుంచీ పాత దూదిపరుపు మీదే పడుకున్నాడు. అందులోని దుమ్ముపురుగుల మీద కక్షగట్టిన యాంటీబాడీలే నన్ను పట్టుకుని వేలాడేవి. పొద్దున్నే నాలుగు తుమ్ములు, అంతటితో సరి.

పెళ్ళయ్యాక పాలకొల్లు అత్తారింటికి వచ్చాడు. అత్తగారు రత్నమాణిక్యం రొయ్యల వేపుడు వడ్డించారు. ప్రణీత్ వాళ్ళింట్లో రొయ్యలు వండరు, ఇదే మొదటిసారి. ముద్ద దిగగానే నా యాంటీబాడీకి పాత శత్రువు తగిలింది. పరుపులో ఉండాల్సిన పురుగు పళ్ళెంలోకి ఎలా వచ్చింది? రొయ్య కండకూ ఆ పురుగు కండకూ పోలిక ఉంటుందని నాకెవరు చెప్పారు? ఒకే రొయ్య తునక నన్నూ పక్కనున్న గ్రాహకాన్నీ కలిపి బిగించేసింది. ఆ బిగింపే మాకు ప్రమాద సంకేతం. కణం తన దగ్గరున్న హిస్టమిన్ అనే వాపు రసాయనమంతా కుమ్మరించింది. గొంతు దురదపెట్టి, వాపు మొదలైంది.

"జర కారమున్నది అత్తమ్మా, అంతే," అన్నాడు ప్రణీత్. కొత్త అల్లుడు, వద్దంటే ఏమనుకుంటారోనని మొహమాటం.

"అలవాటైపోద్ది బాబూ. మొహమాటపడకండి," అని ఆవిడ ఇంకో గరిటె వేశారు.

అతను తిన్నాడు. శత్రువుల దండు దిగిందనుకుని మేం ఇంకా రెచ్చిపోయాం.

"అమ్మా, ఆగు. ఈయన పెదాలు చూడు," అంది భార్య హారిక. అప్పటికే అతనికి మాట రావడం లేదు, ఊపిరి ఈలేస్తోంది.

కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తొడకు ఇంజెక్షన్ పడ్డాక గొంతు తెరుచుకుంది. నాకు మాత్రం మతిపోయింది. కాపలా కాసింది నేనైతే, అతని గొంతు నొక్కింది ఎవరు?

"నా చేత్తో పెట్టి నేనే పొట్టన పెట్టుకునేదాన్ని బాబూ," అని అత్తగారు ఏడ్చారు.

"మీరు ప్రేమతోనే పెట్టిన్రు గదా అత్తమ్మా. నేనే చెప్పలే."

నా పేరు ఎవరూ ఎత్తలేదు. పనైపోయిన గ్రాహకాన్ని కణం లోపలికి లాక్కుని తుక్కు చేస్తుంది. నన్నూ లాగుతోంది. నా చోటికి వచ్చేవాడికి ఒక మాట చెప్పిపోదామంటే, ఏం చెప్పాలో తోచడం లేదు.

పైన మళ్ళీ అత్తగారి గొంతు వినిపించింది.

"ఇడ్లీ తెచ్చాను బాబూ. ముందు కొంచెం తినండి. మీకు పడుతుందా? వద్దంటే నేనేమీ అనుకోను."

ఆవిడ అడుగుతున్నారు. నేను ఒక్కసారీ అడగలేదు.