పచ్చచుక్క వస్తే పడుకోవచ్చు

ఆ వీధిలో వానొస్తే జనం మబ్బును చూడరు, టైలరక్క కిటికీని చూస్తారు. ఆమె దీపం ఆర్పిందంటే భయం లేదని అర్థం. ఆమె చూసేదేమో ఫోను. వాన కాపలా గ్రూపులో వాగు వంతెన దగ్గర వంతు ఆమె సొంత అక్క మొగుడిది. నీళ్ళు వంతెన స్తంభం మీది ఎర్రగీతకు దిగువన ఉన్నంతసేపూ ఆయన అరగంటకో పచ్చచుక్క పెడతాడు. కళ్ళారా చూడకుండా చుక్క పెట్టకూడదని అందరిచేతా ఒట్టు వేయించింది కూడా ఆయనే, మహానుభావుడు!

ఆ రాత్రి ఉరుములకు కిటికీ అద్దాలు గలగలలాడాయి. పక్కింటి మామ్మ గొడుగేసుకుని వచ్చింది.

"ఏమే, సామాను అటకెక్కించమంటావా?"

"ఇప్పుడే చుక్క వచ్చింది మామ్మా. బావ అక్కడే ఉన్నాడు. హాయిగా పడుకో."

దీపం ఆర్పింది. వీధి వీధంతా పడుకుంది.

తెల్లవారకముందే నీళ్ళు గడపలు దాటి మంచాలెక్కాయి. ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు. చీకట్లో జారిపడి మామ్మ కాలు విరిగింది. టైలరక్క కుట్టుమిషనూ, జనం కుట్టమని ఇచ్చిన బట్టలూ బురదపాలయ్యాయి.

అయినా ఆమెకు ముందు బావే గుర్తొచ్చాడు. వీధి మొదట్లో ఆయనది పరుపుల కొట్టు. దూది నీళ్ళు తాగితే ఇంకేం మిగులుతుంది? ఓదారుద్దామని పడుతూ లేస్తూ వెళ్ళింది. కొట్టంతా ఖాళీ.

"అయ్యో, అన్నీ కొట్టుకుపోయాయా బావా?"

"లేదులేవే. మా తమ్ముడి మేడ మీదున్నాయి."

"హమ్మయ్య!" అంది మనస్ఫూర్తిగా. ఆ తర్వాత తట్టింది. "ఎప్పుడు చేర్చావు?"

బావ నేలచూపులు చూశాడు. "నీళ్ళు గీత దాటగానే."

"దాటాక కూడా చుక్కలు పెట్టావుగా!"

"మరేం చెయ్యను? బయటికి పోవడానికి ఉన్నది ఒక్క సందు. చెప్పానంటే అందరూ మూటలూ బండ్లూ వేసుకుని అడ్డం పడతారు, నా లారీ కదులుతుందా? అది బయటపడ్డాక చెబుదామనుకున్నా. ఇంతలోనే ముంచేస్తుందనుకోలేదు. మీ అక్క ముఖం చూసి ఎవరితోనూ అనకే."

పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకునేది. సొంతవాడు నమ్మించి గొంతు కోశాడు, అదీ ఆమె చేతుల మీదుగానే.

"ఆ పరుపుల మీద నీకు నిద్రెలా పడుతుంది బావా?" అని బయటికొచ్చి, ఎదురైన ప్రతివాళ్ళకూ జరిగింది జరిగినట్టు చెప్పింది. విన్నారు. ఎవరింటి బురద వాళ్ళు ఎత్తిపోసుకోవడంలో పడ్డారు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం మళ్ళీ మబ్బు పట్టింది. ఈసారి ఆమె ఫోను ముట్టుకోలేదు. తడుస్తూ వంతెన దాకా నడిచి వెళ్ళింది. వరద తీసి, నీళ్ళు గీతకు బాగా కిందనే ఉన్నాయి. పరుగున వచ్చి దీపం ఆర్పి, కిటికీ దగ్గర నిలబడింది.

వీధిలో జనం మూటలెత్తుకుని పోతున్నారు. మామ్మను తోపుడుబండి మీద పడుకోబెట్టి తీసుకెళుతున్నారు.

"నేనే చూసొచ్చాను మామ్మా! భయం లేదు, పడుకోవచ్చు!"

మామ్మ గొంతులో కోపం లేదు. "నిన్న కూడా అలాగే అన్నావుగా తల్లీ," అంది.

బండి ముందుకు కదిలింది. చీకటి కిటికీ వైపు ఎవరూ తలెత్తి చూడలేదు.