బాబిన్ ఏ ఒడ్డు కుక్క?

మా నెల్ పొట్టి టెర్రియర్ కుక్క. ఎలుకల పాలిట మృత్యువు. ఆవలి ఒడ్డున మిల్లు యజమాని క్రాబ్‌ట్రీ గారికి నీటిపిల్లుల్ని వేటాడే పెద్ద కుక్క ఉండేది. అదొకనాడు నార్ నది ఈదుకొచ్చి మా పెరటి గోడ దూకింది. అలా పుట్టినవాడు బాబిన్. తల్లి తెగువ, తండ్రి ఈత, ఎవరి పోలికో తెలియని గడ్డం!

"ఆ సంకరపు పిల్లని నదిలో పారెయ్, తాబితా," అన్నారు క్రాబ్‌ట్రీ గారు. నాకు ఒళ్ళు మండింది. మిల్లులో మగ్గం నడిపి వచ్చి, నేను తాగే పాలల్లోంచే వాడికి పోసి పెంచాను.

రెండేళ్ళు తిరిగేసరికి శనివారాల్లో జరిగే ఎలుకల్ని పట్టే పందెంలో వాణ్ణి మించిన కుక్క యార్క్‌షైర్‌లోనే లేదు. అప్పుడు పొంగుకొచ్చింది దొరగారికి ప్రేమ!

"తండ్రి నాది, కాబట్టి కుక్కా నాదే. కుక్కల ప్రదర్శనలో కొత్త జాతిగా పెడతా. క్రాబ్‌ట్రీ టెర్రియర్!"

"ఆహా! పారెయ్యమన్నప్పుడు గుర్తు రాలేదా అయ్యగారూ, తండ్రెవరో?"

పందెం చూడ్డానికొచ్చిన జనం గొల్లున నవ్వారు. పందేనికి తీర్పరి మా సారాకొట్టు జేబెజ్. "అరుచుకోకండి. నది మధ్యలో వదుల్తా. ఏ ఒడ్డుకి చేరితే వాళ్ళదే కుక్క, పేరు పెట్టేదీ వాళ్ళే," అన్నాడు. కోపంలో సరేననేశాను. అన్నాకే భయం పట్టుకుంది. వాడు లేని ఇంట్లో నేనెలా ఉంటాను?

ఆవలి ఒడ్డున క్రాబ్‌ట్రీ గారు కాల్చిన మాంసం ముక్క పట్టుకుని నిలబడ్డారు. ఈవల నా చేతులు ఖాళీ. జేబెజ్ పడవలోంచి వదలగానే బాబిన్ ముక్కు ఎగబీల్చి, తిన్నగా అటే ఈదాడు.

"ఓరి ద్రోహీ!" అంటూ బురదలో కూలబడ్డాను.

బాబిన్ ఒడ్డెక్కి, దొరగారి చేతిలో ముక్క మర్యాదగా అందుకున్నాడు. వెనక్కి తిరిగి నీళ్ళలోకి దూకాడు. ఈదుకొచ్చి ఆ ముక్క నా ఒళ్ళో పెట్టి, ఒళ్ళు దులిపి నన్ను నిలువునా తడిపేశాడు.

"ముందు నా ఒడ్డే ఎక్కింది!" అరిచారు క్రాబ్‌ట్రీ గారు.

"దొంగతనానికి ఎక్కిందండీ," అన్నాడు జేబెజ్. "ఇంటికి మాత్రం ఇటే వచ్చింది."

ఆ తడి మెడ పట్టుకుని భోరుమన్నాను.

"తాబితా టెర్రియర్!" అని అరిచారెవరో.

"ఛీ, గడ్డమున్న కుక్కకి నా పేరేంట్రా! ఈ నది లేకపోతే వీడే లేడు. ఈ నార్‌డేల్ లోయలో పుట్టాడు, నార్‌డేల్ టెర్రియర్!"

మర్నాడు క్రాబ్‌ట్రీ గారు టోపీ చేత్తో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. "అలాంటి పిల్ల నాకూ ఒకటి కావాలి, తాబితా. మా కుక్కని మళ్ళీ మీ నెల్ దగ్గరికి పంపనా?"

"పంపండి. ఈసారి గోడ దూకక్కర్లేదు, గుమ్మంలోంచే రమ్మనండి."