ఐదు కాగితాల పరీక్ష

షరతు చిన్నదే. పెళ్లికొడుకు ప్రింటర్ల దుకాణానికి రావచ్చు, నోరు మాత్రం విప్పకూడదు.

"ప్రింటర్లు బాగుచేసేవాడు మాట్లాడితే ప్రింటరే గెలుస్తుంది. ఇవాళ కాగితాన్ని మాట్లాడనివ్వండి," అని బయల్దేరే ముందే తేల్చి చెప్పాడు తండ్రి. పెళ్లికొడుకు, అంటే మెకానిక్, బుద్ధిగా తలూపాడు. కూతురికి మాత్రం ఒళ్లు మండిపోయింది. చిన్నప్పుడు ఆమె మాట్లాడ్డం మొదలుపెడితే కామాలే తప్ప ఫుల్‌స్టాపు ఉండేది కాదని తండ్రి ఆమెకి కామా అని పేరు పెట్టాడు. అలాంటి కామా ఆ పొద్దున పళ్లు బిగబట్టుకుని బస్సెక్కింది. వెనక ఇంట్లోంచి అమ్మ కేకలు వినబడుతూనే ఉన్నాయి. "తువ్వాళ్లన్నీ ఏమైపోయాయి? స్నానం చేసి గాలికి ఆరాలా నేను?"

తండ్రి ముప్పై ఒక్క ఏళ్లు సీసం అక్షరాలు పేర్చి, కాలితో తొక్కే మిషన్ మీద అచ్చు వేసినవాడు. ఊళ్లో సగం మంది పెళ్లికార్డులు ఆయన చేతిమీదుగా వెళ్లినవే. తర్వాత సందు సందుకీ జిరాక్సులూ ప్రింటర్లూ వచ్చిపడ్డాయి, ప్రెస్సు మూతపడింది. ఆఖరిరోజు యజమాని ఏం కావాలో తీసుకెళ్లమంటే ఆయన తెచ్చుకున్నది ఒక్కటే: మందంగా, మీగడ రంగులో ఉండే నూలు కాగితం, కార్డు సైజుకి కోసినవి నూట పన్నెండు. "వంద కార్డులకి, పన్నెండు తప్పులకి," అని ఆ రోజే అన్నాడు. అప్పటికి కామాకి తొమ్మిదేళ్లు. ఇరవై ఏళ్లుగా ఆ కట్ట బీరువా మీదే ఉంది, దాన్ని ముట్టుకునే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

ఇప్పుడు కామా పెళ్లాడబోయేది ఆ ప్రింటర్లనే బాగుచేసి బతికేవాణ్ణి. నెల కిందట ఆ మాట చెబితే తండ్రి అవుననలేదు, కాదనలేదు, తింటున్నవాడల్లా లేచి వెళ్లిపోయాడు. ఒక ప్రింటర్ కొనుక్కుని కార్డులు ఇంట్లోనే వేసుకుంటామని మొన్న చెప్పినప్పుడు మాత్రం కుర్చీ వేసుకుని ఆ కట్ట దించాడు.

"ఐదు కాగితాలిస్తాను. దుకాణంలో వేసి చూపించండి. ఒక్కటైనా నాకు నచ్చేట్టు పడితే కార్డు మీద నా పేరు వేసుకోండి. లేదంటే నా పేరు లేకుండానే కానివ్వండి."

నిన్న సాయంత్రం మెకానిక్ ఇంటికొచ్చి కాగితం మందం కొలిచాడు. కొలిచినంతసేపూ తండ్రి అతని చేతుల్నే గుచ్చి గుచ్చి చూశాడు. ఫోన్‌లో ఉన్న కార్డు నమూనాలో అన్నీ ఉన్నాయి. ఆహ్వానించేవాళ్ల దగ్గర అమ్మ పేరు ఉంది. దాని పక్కన ఇంకో పేరు పట్టేంత ఖాళీ ఉంది.

దుకాణంలో ప్రింటర్లన్నీ మూతలు తెరుచుకుని వరసగా కూర్చున్నాయి. మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న సేల్స్ అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది. తండ్రి సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, దాంట్లోంచి మొదటి కాగితం రెండు వేళ్లతో అంచు పట్టుకుని అందించాడు.

"ఇది లేజరండీ. ఆఫీసుల్లో అందరూ ఇదే వాడతారు. ఎలాంటి కాగితమైనా తీసుకుంటుంది," అంది ఆ అమ్మాయి.

తీసుకుంది. లోపల చిటపటమంది, పైనుంచి సన్నగా ఆవిరి వచ్చింది. కాగితం గొట్టంలా చుట్టుకుని బయటపడింది. తండ్రి దాన్ని సాపుచేసి, ఒక అక్షరం మీద గోటితో గీశాడు. నల్లటి పొడి రాలింది.

"ఒకటి," అన్నాడు.

రెండోదానికి కాగితం కింద ట్రేలో పెట్టాలి. అది లోపలికి వెళ్లి, వెనక్కి మలుపు తిరిగి ముందుకు రావాలి. మలుపు దగ్గరే కరకరమని ఆగిపోయింది. ఎర్రదీపం వెలిగింది. సేల్స్ అమ్మాయి ముందునుంచి పట్టి లాగబోయింది. ముందునుంచి లాగితే చిరుగుతుందనీ, వెనక తలుపు తియ్యాలనీ మెకానిక్‌కి తెలుసు. ఒక అడుగు ముందుకు వేసి, తండ్రి వైపు చూసి ఆగిపోయాడు. కాగితం చిరిగిన చప్పుడు కామాకి పంటికింద రాయిలా తగిలింది.

"రెండు."

ఇంత కఠినంగా ఎలా ఉండగలడు ఈ మనిషి అనుకుంది కామా. మెకానిక్ మాత్రం మూలన ఉన్న ఇంకో ప్రింటర్ వైపు చూస్తూ నిలబడ్డాడు. చూస్తూనే ఉన్నాడు. కళ్లతో మాట్లాడకూడదని షరతులో లేదు కదా అని కామా గబగబా అటు నడిచింది.

"దీన్ని చూపించండి."

"దీనికి కాగితం వెనకనుంచి నిలబెట్టి పెట్టాలండీ. పెద్దగా వంగకుండా ముందుకొచ్చేస్తుంది. మందం కాగితాలకి ఇదే నయం. నల్ల సిరా కూడా ఆరాక చెదరదు."

కాగితం నిజంగానే చులాగ్గా వచ్చేసింది. కామా ఊపిరి పీల్చుకుంది. తండ్రి జేబులోంచి భూతద్దం తీశాడు. కామా కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది, మొదటి నెలలోనే ఆయన కోసం స్వయంగా అరగదీసిచ్చిన అద్దం అది. దాని కింద చూస్తే ప్రతి అక్షరానికీ సిరా పక్కలకి పాకి నూగు మొలిచినట్టుంది. కామా పేరు మరీ అన్యాయంగా అలుక్కుపోయింది.

"మూడు."

మందం కాగితమని సెట్టింగు మార్చారు. అది ఇంకా ఎక్కువ సిరా పోసింది.

"నాలుగు," అన్నాడు తండ్రి. భూతద్దం కింద ఇంకోసారి చూశాడు.

ఇక ఒక్కటే మిగిలింది. కవరులోంచి దాన్ని కామాయే తీసింది. చేతికి చల్లగా తగిలింది. గది చల్లదనమేమో అనుకుని, పక్కనే ఉన్న దుకాణం కాగితాన్ని ముట్టుకుంది. అది మామూలుగానే ఉంది. తన చేతిలోది మెత్తగా వాలిపోతోంది. కవరు లోపల అంచున సన్నటి చెమ్మ. అమ్మ తువ్వాళ్లు గుర్తొచ్చాయి.

"నాన్నా, వీటిని తడిపావా?"

తండ్రి ఖాళీ కవరు మడవసాగాడు.

"తడిపావు కదూ! నచ్చకపోతే నచ్చలేదని మొహం మీద చెప్పొచ్చుగా, నెల్రోజులు మూగనోము పట్టి, ఇవాళ అందరి ముందూ పరీక్షని పెట్టి, అది తప్పేలా నువ్వే చేసి తీసుకొచ్చి, పైగా ఒకటి రెండు అని లెక్కపెడుతున్నావు, ఆయన నీకేం అన్యాయం చేశాడు, నీ ప్రెస్సు మూసింది ఆయనా?"

దుకాణంలో వాళ్లంతా ఇటే చూశారు. తండ్రి మొహం పాలిపోయింది.

మెకానిక్ కామా చేతిలోంచి కాగితం తీసుకుని, చెంపకి ఆనించుకుని చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఆ మాట అనకు."

"మిమ్మల్ని మాట్లాడొద్దన్నారు."

"ఇది చూడు. ఎక్కడా మరక లేదు, ముడత లేదు, అంచు నుంచి అంచు దాకా ఒకే తడి. ఇలా తడపాలంటే ఎంత ఓపిక కావాలో తెలుసా? పాడుచెయ్యాలనుకునేవాడు నీళ్లు చల్లి ఊరుకుంటాడు." తండ్రి వైపు తిరిగాడు. "షరతు తప్పానండీ. నన్నేమన్నా అనండి. కానీ ఆ మాట మీరు పడకూడదు."

తండ్రి అప్పుడు చెప్పాడు. కామాతో కాదు, ఆ కాగితంతో చెప్పుకుంటున్నట్టు.

"నూలు కాగితం గట్టిది. అక్షరం దిగాలంటే మెత్తబడాలి. మంచి పని ఏదొచ్చినా ముందురోజు సాయంత్రం తడి గుడ్డల మధ్య పేర్చి, బరువు పెట్టి, మర్నాడు అచ్చుకి ఎక్కించేవాళ్లం. మర్నాడే ఎక్కించాలి, ఆగితే బూజు పడుతుంది. నిన్న అదే చేశాను. ఈ మిషన్లలో దిగే అక్షరమే లేదని తట్టలేదు. చెయ్యి దానంతటదే చేసుకుపోయింది."

కామాకి నేల చీలి లోపలికి వెళ్లిపోతే బాగుండుననిపించింది. మెకానిక్ అప్పటికే సేల్స్ అమ్మాయిని పది తెల్లకాగితాలు అడిగి తీసుకున్నాడు. ఐదో కాగితాన్ని వాటి మధ్య పెట్టి, పైన బరువైన డబ్బా ఒకటి పెట్టాడు. కాసేపయ్యాక చెమ్మ పీల్చిన కాగితాలు తీసి పొడివి పెట్టాడు. మూడోసారి మారుస్తుంటే తండ్రి పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"వేడిగాలి పెట్టవేం?"

"వంకర పోతుందండీ."

"పోతుంది," అన్నాడు తండ్రి. చెయ్యి చాపి కాగితం తీసుకుని తన చెంపకి ఆనించుకున్నాడు. "ఇంకో రెండు సార్లు మార్చు. ఈ చెంప లెక్క నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. కాగితం ఇరుక్కుందని పిలిస్తే ముందు చూసేది చెమ్మే. వేళ్లకి తెలియంది చెంపకి తెలుస్తుంది."

రెండుసార్లు కాదు, నాలుగుసార్లు మార్చారు. చివరికి తండ్రే తలూపాడు. మూలనున్న ప్రింటర్ వెనక ఆయనే స్వయంగా కాగితం నిలబెట్టాడు. మిషన్ ఒకసారి గురగురలాడి, కాగితాన్ని లోపలికి తీసుకుంది. అందరూ ఆ ముందు సందు వైపే చూస్తూ ఉండిపోయారు.

కాగితం వచ్చింది. తండ్రి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, భూతద్దం కింద ఒక్కో అక్షరం చూశాడు. వెనక్కి తిప్పి బొటనవేలితో తడిమాడు.

"నొక్కు లేదు. వెనక చేతికేం తగలడం లేదు," అన్నాడు.

కామా కిటికీ వైపు ఒక అడుగు వేసింది.

"అంచులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి." ఆయన భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. "ఈ మిషన్ కట్టించండి. త్వరగా. ఆటో పిలవండి, బస్సు వద్దు."

నచ్చిందా, నచ్చలేదా? పేరు సంగతేమిటి? కామా దారంతా అడగాలనుకుంది, కానీ ఇందాక అన్న మాట గుర్తొచ్చి అడగలేకపోయింది. ప్రింటర్ పెట్టెని మెకానిక్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తండ్రి డ్రైవర్ని తొందరపెడుతూనే ఉన్నాడు.

ఇంట్లో గుమ్మం దగ్గరే అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "తువ్వాళ్లు దొరికాయి. మంచం కింద. చూసి తరించండి."

మంచం కింద రెండు చెక్కలు, వాటిమీద అమ్మ పాత కుట్టుమిషన్ తల. చెక్కల మధ్య ప్లాస్టిక్ పట్టా చుట్టిన మూట. కామా బరువు దించి పట్టా విప్పింది. తడి తువ్వాలు, కాగితాలు, తడి తువ్వాలు, కాగితాలు. కట్టలో మిగిలినవన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా పొడిగా లేదు.

కామా నేలమీద అలాగే కూర్చుండిపోయింది. తడిపినవి మర్నాడే అచ్చుకి ఎక్కాలని ఇందాక ఆయనే చెప్పాడు. పరీక్షకి కావలసింది ఐదే.

"నాన్నా, ఇవన్నీ నిన్ననే తడిపేశావా?"

"మరి కార్డులు వెయ్యొద్దూ?"

"పరీక్ష కాకుండానే?"

తండ్రి చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు. "నెల కిందట నచ్చలేదు. నిన్న ఈ కాగితం ముట్టుకునే ముందు, ఎవరూ చెప్పకుండా వెళ్లి చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు. అతను వెళ్లాక తడిపాను."

కామా ఆయన మోకాళ్లు పట్టుకుని ఏడ్చేసింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, "ఏడుపు తర్వాత, ముందు వీటిని ఆరబెట్టాలి. ఆ కన్నీళ్లు కాగితాల మీద పడనియ్యకు," అన్నాడు.

మంచాలు, బల్లలు, కుర్చీలు, గచ్చు, ఎక్కడ చదును కనబడితే అక్కడ పొడి దుప్పట్లు పరిచి, కాగితాలు పరిచారు. అమ్మ సణుగుతూనే కిటికీలు మూసింది. ఒక మూల కొత్త ప్రింటర్ పక్కన కూర్చుని మెకానిక్ ఫోన్‌లో కార్డు నమూనా తెరిచాడు.

"ఖాళీలో మీ పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వెయ్యమంటారు, మావయ్యగారూ?"

తండ్రి చేతిలో కాగితం ఒక్క క్షణం ఆగింది.

"వాళ్లమ్మ పేరెంతుంటే అంతే వెయ్యి, బాబూ," అని ఆ కాగితాన్ని దుప్పటి మీద పరిచి, ఇంకోటి అందుకున్నాడు.