కాలింగ్ బెల్లు మోగినప్పుడల్లా

నేను ఒక దివాన్ కాట్‌ని. ఇప్పుడు నాలో మిగిలింది మూరెడు చెక్కే అయినా, పగ మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరిమీదో దాచను. కాకినాడలో ఒక మూడో అంతస్తు ఫ్లాటు ఇల్లాలు వనజ మీద.

నన్ను వీరభద్రాచారి చేశాడు. టేకు ఫ్రేము, ప్లైవుడ్ పెట్టె, పైన ఎత్తే మూత. "దుప్పట్లూ దిండ్లూ పెట్టుకోండమ్మా, బరువులు వేయకండి" అని చెప్పి మరీ అప్పగించాడు. వనజ తలూపింది. నేను నమ్మాను.

వనజ ఇల్లు అద్దంలా ఉంటుందని అపార్ట్‌మెంటంతా చెప్పుకునేవారు. అందులో ఉన్న గొప్ప ఏమిటో నన్నడగండి. బెల్లు మోగగానే "ఒక్క నిమిషం, వస్తున్నా" అని కేకేసి, హాల్లో కనబడినదల్లా రెండు చేతులతో ఊడ్చి, నా మూత ఎత్తి లోపల పడేసేది. విడిచిన బట్టలు, కరెంటు బిల్లులు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు, దువ్వెన. పైన దుప్పటి సర్ది, వచ్చినవాళ్ళని నామీదే కూర్చోబెట్టేది. వాళ్ళు ఆ చెత్తమీదే కూర్చుని "ఎంత బాగా సర్దుకున్నారండీ" అంటుంటే నాకు ఒళ్ళు మండేది. వాళ్ళు వెళ్ళాక తీసి సర్దుతుందా అంటే, అదీ లేదు.

అంతవరకూ ఓర్చుకున్నాను. పగ పుట్టింది ఆవిడ మామగారు సోమలింగం గారి వల్ల. జిల్లా గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళు లైబ్రేరియన్‌గా చేసిన మనిషి. తీసిన వస్తువు తీసినచోట పెట్టందే ఆయనకు అన్నం సహించదు. కళ్ళజోడు కిటికీ గట్టుమీద, రేడియో దాని పక్కన. బెల్లు మోగితే అవి కూడా నా కడుపులోకే వచ్చేవి. పాపం, ఆయన గదులన్నీ వెతుక్కునేవారు.

"మీరే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటారు మామయ్యగారూ" అనేది వనజ. అబద్ధమని ఆవిడకే తెలీదు. తోసేసినదాన్ని తోసిన క్షణంలోనే మర్చిపోయే రకం. మతిమరుపు ఆవిడది, నింద ఆయనకి.

ఆరునెలలు తిరిగేసరికి ఆయనా నమ్మేశారు. నామీద కూర్చుని, అరచేతులు చూసుకుంటూ "నాకేదో అవుతోంది" అని గొణుక్కునేవారు. ఆయన వెతుకుతున్న కళ్ళజోడు ఆయన కిందే, జానెడు దూరంలో ఉంది. చెప్పడానికి నాకు నోరు లేదు. ఆ రోజు నుంచి నా మేకులు ఒక్కొక్కటే వదులు చేసుకోవడం మొదలుపెట్టాను.

చివరికి పై ఫ్లాటులో ఉండే డాక్టర్ కృపానందం గారిని పిలిచారు. ఆయన గనక మతిమరుపు జబ్బేనంటే, పెద్దాయన్ని ఇకమీదట ఒంటరిగా గడప దాటనివ్వరు. రోజూ పొద్దున్నే, పాత కళ్ళజోడుతోనైనా సరే, నడిచి రీడింగ్ రూముకు వెళ్ళడం ఆగిపోతుంది. ఆయనకు మిగిలిన సంతోషం అదొక్కటే.

డాక్టరు గారు భారీ మనిషి. నామీదే కూర్చుని, "ఏమేం పోయాయండీ?" అని అడిగారు.

సోమలింగం గారు కళ్ళు మూసుకుని, పుస్తకాల జాబితా చదివినట్టు చెప్పుకుపోయారు.

"నాగులచవితినాడు కళ్ళజోడు. ఆవేళ గ్యాసు పొయ్యి బాగుచేసే మనిషొచ్చాడు. క్రిస్మస్ ముందురోజు రేడియో. ఎదురింటి మేరీగారు కేకు తెచ్చారు. శివరాత్రి మర్నాడు ఎర్రట్ట నోటుబుక్కు. వనజ వాళ్ళ పిన్నిగారొచ్చారు. ఉగాదినాడు గొడుగు. అసోసియేషన్ సెక్రటరీ వచ్చాడు."

డాక్టరు గారు రాసుకోవడం ఆపారు. "అంటే, పోయిన ప్రతిసారీ ఇంటికెవరో వచ్చారన్నమాట" అంటూ ముందుకు జరిగారు.

అదే అదను. ఉన్న ఒక్క మేకునూ వదిలేశాను. ముందు పలక ఫెళ్ళున ఊడిపోయింది, డాక్టరు గారు చతికిలబడ్డారు. బట్టలు, బిల్లులు, దువ్వెనలు హాలంతా పరుచుకున్నాయి. వాటితోపాటు ముందు గొడుగు జారింది, తర్వాత ఎర్రట్ట నోటుబుక్కు, ఆ తర్వాత రేడియో. అట్టడుగు నుంచి కళ్ళజోడు వచ్చింది. ఆయన చెప్పిన వరుసే, చివరి నుంచి మొదటికి.

వనజ ముఖంలో నెత్తురుచుక్క లేదు. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. డాక్టరు గారి నడుం పట్టేసిందేమోనన్న ఆలోచన కూడా రాలేదు.

సోమలింగం గారు వంగి కళ్ళజోడు తీసుకున్నారు. కండువాతో తుడిచి పెట్టుకుని కోడలివైపు చూశారు.

"నా బుర్ర బానే ఉందమ్మాయ్" అన్నారు. వనజ వంగి కిందపడ్డ బట్టలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

నన్ను పాతసామాన్ల బండివాడు పట్టుకుపోయాడు. పోయేముందు సోమలింగం గారు నా మూతలోంచి మూరెడు ముక్క కోయించి, కిటికీ పక్కన అరగా బిగించుకున్నారు. కళ్ళజోడు, రేడియో ఇప్పుడు నామీదే ఉంటాయి. ఆయన ఒక్కరే రీడింగ్ రూముకు వెళ్ళి వస్తున్నారు.

బెల్లు మోగితే వనజ చేతులు ఇప్పటికీ అలవాటుగా హాలంతా ఊడ్చుకుంటూ నా దాకా వస్తాయి. నన్ను చూసి ఆగిపోతాయి. క్షమించేశానేమో అనుకోకండి. ఆ చేతులు అలా ఆగడం చూడ్డానికే ఇంకా చెద పట్టకుండా ఉన్నాను.